ఎనిమిది మందిమి, ఆగస్టులో వారం రోజులు: ఏథెన్స్ నుంచి సెయిలింగ్ బోటులో శాంటోరిని వెళ్లి రావచ్చా?

బెజవాడ_బుల్లోడు
నాలుగు జంటలం. రెండు జంటలు హైదరాబాద్ నుంచి, ఒకటి ఐండ్‌హోవెన్ నుంచి, ఒకటి లండన్ నుంచి. ఆగస్టు రెండో వారం, శనివారం నుంచి శనివారం దాకా, 46 అడుగుల సెయిలింగ్ బోటు చూసుకున్నాం. నాలుగు కేబిన్లు. బ్రోకర్ పంపిన ప్లాను ఏథెన్స్ – మైకొనోస్ – శాంటోరిని – ఏథెన్స్. నాకు హుస్సేన్ సాగర్‌లో లేజర్ (ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ) నడిపిన అలవాటుంది, మిగతావాళ్లకు పడవే కొత్త. స్కిప్పర్‌ని, అంటే బోటు నడిపే మనిషిని, పెట్టుకోకపోతే డబ్బు మిగులుతుందని ఒకరి వాదన. రేపటికల్లా అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఇది అయ్యే పనేనా?

లంగరు
కాదు. అడ్వాన్స్ ఆపండి.

ఏథెన్స్‌లో పడవలుండే అలిమోస్ మెరీనా నుంచి శాంటోరిని ఎటు లెక్కేసినా 120 నాటికల్ మైళ్ల పైమాటే. ఆ సైజు బోటు సగటున 5–6 నాట్లు, అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్లు, నడుస్తుంది. అంటే ఒక్క వైపుకే 20 గంటలు దాటుతుంది. ఆగస్టులో ఉత్తరపు గాలి కాబట్టి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, సరదాగానే ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముక్కు మీద కొడుతుంది. తెరచాపతో గాలికి ఎదురు నేరుగా పోలేరు, అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ రావాలి, 120 కాస్తా 170 అవుతుంది. పైగా శుక్రవారం సాయంత్రానికి బోటు మెరీనాలో ఉండాలని కాంట్రాక్టులో రాసుంటుంది. చూసుకోండి.

ఇంకోటి. ఫొటోల్లో కనిపించే ఆ కాల్డెరా (సముద్రం నిండిన అగ్నిపర్వత గుంట) లోపల లోతు వందల మీటర్లు. మీ బోటులో ఉండే గొలుసు 60–80 మీటర్లు. లంగరు ఎక్కడ వేస్తారు? దక్షిణాన వ్లిహాడా అని ఒక చిన్న రేవుంది, దాని మూతి ఇసుకతో పూడుతుంటుంది, లోపల చోటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. శాంటోరిని చూడాలనుంటే వారం అయ్యాక ఏథెన్స్ ఓడరేవు పిరయస్ నుంచి ఫెర్రీ ఎక్కండి.

గాలివాటం
లంగరు గారి మాటే నాదీ. ఆ గాలి పేరు మెల్టెమి. మన తుపానులా మబ్బు పట్టి చెప్పి రాదు. ఆకాశం నీలంగా నిగనిగలాడుతుంటుంది, గాలి మాత్రం బ్యూఫోర్ట్ (గాలి బలం కొలిచే స్కేలు) 6, 7 మీద మూడు రోజులు, ఒక్కోసారి వారం ఆగకుండా కొడుతుంది. 6 అంటే 22–27 నాట్లు, 7 అంటే 28–33. బాల్కన్ల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం, ఆ రెంటి నడుమ ఏజియన్ సముద్రం ఒక సందులా ఉండిపోతుంది. ఆ టర్కీ అల్పపీడనం ఎక్కడిదో కాదు, మనకు నైరుతి రుతుపవనాలు తెచ్చే అల్పపీడన ద్రోణే పడమరగా అంత దూరం సాగుతుంది. మనకు వానాకాలం ముదిరినప్పుడే అక్కడ గాలికాలం. జులై, ఆగస్టు నడిమధ్య నెలలు.

చిట్టిపడవ
శాంటోరిని, మైకొనోస్ ఉన్న సైక్లడీస్ దీవులు మొత్తంగా వద్దనడం మాత్రం అన్యాయం. పడమటి వరస చూడండి: ఏథెన్స్ దగ్గరి లావ్రియో రేవు నుంచి బయలుదేరి కేయా, కిత్నోస్, సెరిఫోస్ వారంలో హాయిగా అవుతాయి. కిత్నోస్‌లో కొలోనా అనే చోట రెండు సముద్రాల మధ్య సన్నటి ఇసుక కట్ట ఉంటుంది, గాలి ఏ వైపు ఉంటే దానికి అవతలి వైపు లంగరు వేసుకోవచ్చు. అదే దీవిలో లూత్రా రేవు పక్కనే వేడినీటి ఊటలు సముద్రంలో కలుస్తాయి.

లంగరు
జూన్ మొదట్లోనో సెప్టెంబరు చివర్లోనో అయితే సరే. కొత్తవాళ్లతో ఆగస్టులో వద్దు. కేయా దాటే జలసంధిలో గాలికి తోడు ప్రవాహం కూడా ఉంటుంది. మొదటి రోజే ఆరుగురు బకెట్ పట్టుకుంటే మిగతా వారం ఎవరూ బోటెక్కరు.

ఆమ్‌స్టర్‌డ్యామ్_అత్తయ్య
ఆగస్టే కావాలంటే గ్రీసు పడమటి తీరంలో అయోనియన్ సముద్రం వైపు వెళ్లండి బాబూ. లెఫ్కాడా నుంచి మెగనీసి, ఇథాకాలో కియోని, కెఫలోనియాలో ఫిస్కార్డో, దూరాలన్నీ మూడు నాలుగు గంటల లోపే. అక్కడ పొద్దున గాలి ఉండదు, మధ్యాహ్నం రెండింటికి వాయవ్యం నుంచి మయిస్ట్రో అనే గాలి మొదలై బ్యూఫోర్ట్ 4, మహా అయితే 5 దాకా వెళ్లి చీకటి పడేసరికి పడుకుంటుంది. గడియారం పెట్టుకోవచ్చు. నౌకల గుంపుగా వెళ్లే ఫ్లోటిల్లాలు కూడా అక్కడ ఎక్కువ, ముందు ఒక లీడ్ బోటు, అందులో ఇంజన్ మెకానిక్ ఉంటారు. లెఫ్కాడాకు రోడ్డు మీదే వెళ్లొచ్చు, వంతెన ఉంది.

బెజవాడ_బుల్లోడు
హైదరాబాద్ వాళ్లకు ఏథెన్స్ చేరడానికే ఒక రోజు పోతుంది. అక్కడి నుంచి మళ్లీ అయిదు గంటలు బస్సులో అంటే ఇంట్లో గొడవే. ఏథెన్స్ నుంచే మొదలవ్వాలి. నెల మార్చుకోవడానికి అందరూ సరే అన్నారు.

లంగరు
అయితే ఏథెన్స్ పక్కనే ఉన్న సరోనిక్ గల్ఫ్, సెప్టెంబరు మూడో వారం. నీళ్లు ఇంకా 24 డిగ్రీల దగ్గరే ఉంటాయి, గాలి తగ్గుతుంది, రద్దీ తగ్గుతుంది.

శనివారం సాయంత్రం అయిదింటికి బోటు ఇస్తారు. ఆ రాత్రి మెరీనాలోనే పడుకోండి, చీకట్లో కొత్త బోటుతో బయటికి వెళ్లే పని పెట్టుకోవద్దు. ఆదివారం ఈజినా దీవికి దక్షిణాన పెర్డికా, సుమారు 17 మైళ్లు. దాని ఎదురుగానే మోనీ అనే చిట్టి దీవి, ఈతకు ఆగండి, నెమళ్లు ఒడ్డుకొచ్చి తిరుగుతుంటాయి. సోమవారం పాత ఎపిడావ్రోస్ రేవు, రెండు గంటల దూరం. అక్కడ టాక్సీ తీసుకుని క్రీ.పూ. 4వ శతాబ్దపు పెద్ద నాటకశాల చూసి రావచ్చు. మంగళవారం మెథానా ద్వీపకల్పం చుట్టి పోరోస్ దీవి. బుధవారం హైడ్రా, 12 మైళ్లే, కానీ పొద్దున్నే బయలుదేరాలి. అక్కడివాళ్లు 'ఈద్రా' అంటారు, హైడ్రా అని అడిగితే కొందరికి అర్థం కాదు. గురువారం వెనక్కి ఈజినా. శుక్రవారం పొద్దున ఈత, మధ్యాహ్నానికి అలిమోస్.

చిట్టిపడవ
గురువారం ఈజినాలో ఉండమన్నది చాలా ముఖ్యం. గురువారం రాత్రి హైడ్రాలో ఉండిపోతే శుక్రవారం 37 మైళ్లు ఎదురుగాలిలో రావాల్సి వస్తే ఏడు గంటలు ఇంజన్ మోతే. ఆ సాయంత్రం డీజిల్ దగ్గర క్యూ కూడా ఉంటుంది, ట్యాంకు నింపి అప్పగించాలి కదా.

వైజాగ్_తెరచాప
లేజర్ గురించి ఎవరూ చెప్పలేదు. హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న గాలి చదవడం ఎక్కడికీ పోదు, తెరచాప సర్దడంలో మీరే ఆ బోటులో గట్టివాళ్లవుతారు. కానీ లేజర్ బరువు 60 కిలోలు, ఈ బోటు 10 టన్నులు పైనే. లేజర్ ఒడ్డుకు తగిలితే చేత్తో ఆపుతారు. ఇది ఆగదు. ఇంజన్, లంగరు, రాత్రి దీపాలు, వీహెచ్‌ఎఫ్ రేడియో, ఇవన్నీ వేరే చదువు.

చట్టం వైపు కూడా చూడండి. గ్రీసులో స్కిప్పర్ లేకుండా బోటు తీసుకోవాలంటే ఐసీసీ (పడవ నడిపే అంతర్జాతీయ యోగ్యతా పత్రం) గానీ, ఆర్‌వైఏ (బ్రిటన్ సెయిలింగ్ సంఘం) ఇచ్చే డే స్కిప్పర్ గానీ, దానికి సమానమైనది గానీ ఒకరికి ఉండాలి. రెండో మనిషి కూడా అనుభవం ఉన్నట్టు సంతకం చేయాలి. క్లబ్బు ఇచ్చే డింగీ (చిన్న పడవ) సర్టిఫికెట్‌తో పోర్టు పోలీసులు క్రూ లిస్టు ఒప్పుకోరు.

గాలివాటం
ఒక వారం స్కిప్పర్‌తో వెళ్లి, ఆయన పక్కన నిలబడి ప్రతి రేవులో చుక్కాని అడిగి పట్టుకోండి. ఏ కోర్సులోనూ రాని పని అక్కడొస్తుంది.

లెక్కలమాస్టారు
డబ్బు మిగులుతుందన్న మాటకు లెక్క వేద్దాం. 46 అడుగుల బోటు సెప్టెంబరులో, మరీ కొత్తది కాకపోతే, 3,500 యూరోల చుట్టుపక్కల అనుకోండి. స్కిప్పర్ రోజుకు 200 చొప్పున 1,400. శుభ్రం చేయడం, దుప్పట్లు, గ్యాసు కలిపి 250. డీజిల్: ఇంజన్ గంటకు 4–5 లీటర్లు తాగుతుంది, వారంలో 20 గంటలు, 100 లీటర్లు, 180 వేసుకోండి. రేవుల రుసుములు 120. మొత్తం 5,450. తలకు సుమారు 680, తిండి, విమానం కాకుండా. స్కిప్పర్ వల్ల తలకు పడేది 175. ఇందులో మిగుల్చుకోవాల్సింది ఏమీ లేదు.

డిపాజిట్ వేరు, 3,000 దాకా కార్డు మీద బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు చాలాచోట్ల చెల్లదు, ఆ లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఎవరి దగ్గరుందో ముందే తేల్చుకోండి. స్కిప్పర్ తిండి మీ ఉమ్మడి డబ్బులోంచే. మొదటి రోజే తలా 100 ఒక డబ్బాలో వేసి అందులోంచి ఖర్చు పెడితే రేవు రేవుకీ పంపకాలు ఉండవు.

బోటు ఇచ్చేటప్పుడు గంట పట్టినా సరే, ప్రతి గీతా ఫొటో తీయండి. డింగీ మోటారు స్టార్ట్ చేసి చూడండి. బోటు కింద చుక్కాని, కీల్ (అడుగున ఉండే బరువు రెక్క) కూడా ఈత కళ్లద్దాలు పెట్టుకుని దిగి చూసేవాళ్లున్నారు, తప్పేం కాదు.

గోదారి_గట్టు
హైడ్రాకు పొద్దున్నే వెళ్లమన్నారు, ఎందుకు?

లంగరు
రేవు చిన్నది, ఊరు పేరున్నది. మధ్యాహ్నం ఒంటిగంటకు గట్టు నిండిపోతుంది. తరవాత వచ్చినవాళ్లు ముందు బోట్లకు ముందు రెండో వరస, మూడో వరస కడతారు. లోతు ఎక్కువ కాబట్టి అందరూ రేవు అవతలి అంచు దాకా గొలుసులు వదులుతారు, మర్నాడు పొద్దున అవన్నీ పేనిన జడలా ఉంటాయి.

గ్రీసులో బోటును పక్కవాటుగా కట్టరు, వెనక భాగం గట్టుకు, ముందు లంగరు నీళ్లలో. పని ఇలా సాగుతుంది. బయటే ఆగి ఫెండర్లు (బోటు ఒరుసుకోకుండా కాచే గాలి బుడ్డలు) రెండు వైపులా కట్టాలి, రెండు వెనక వైపు. వెనక మోకులు రెండూ రెయిలింగ్ బయట నుంచి తెచ్చి చేతికి సిద్ధంగా పెట్టాలి, లోపల నుంచి తెస్తే విసిరేటప్పుడు రెయిలింగ్‌ని పట్టుకుంటాయి. గట్టుకు మూడు నాలుగు బోట్ల పొడవు దూరంలో, అంటే 45–50 మీటర్ల దగ్గర, లంగరు వదిలి వెనక్కి నడపాలి. గొలుసు ఆగకుండా జారాలి, ముందున్న మనిషి భయపడి మధ్యలో ఆపితే బోటు ముక్కు పక్కకు తిరుగుతుంది. గట్టుకు రెండు మీటర్లు ఉండగా గాలి వచ్చే వైపు మోకు ముందు. తరవాత రెండోది. ఆపైన గొలుసు బిగించాలి.

బిగిసిందో లేదో గొలుసు మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. గుడగుడమని వణుకు వస్తుంటే లంగరు అడుగున ఈడ్చుకుపోతోంది. నిశ్శబ్దంగా, ఇనప కడ్డీలా ఉంటే పట్టింది. వణుకుంటే మొహమాటం లేకుండా మోకులు విప్పి మళ్లీ మొదటి నుంచి వేయండి. అర్ధరాత్రి గాలి మారాక వేయడం కన్నా అదే నయం.

చిట్టిపడవ
గట్టుకు మరీ దగ్గరగా కట్టకండి. హైడ్రా, పోరోస్, ఈజినా మూడు చోట్లా వేగపు ఫెర్రీలు వస్తాయి, వాటి అల గట్టుకు తగిలి తిరిగొచ్చేసరికి బోటు వెనక్కి ఊగుతుంది. మీటరున్నర ఖాళీ ఉంచి దిగడానికి పలక వేసుకోండి. ఫెర్రీ కనబడితే పలక ఎత్తేయండి. ఇక బోటుకూ గట్టుకూ మధ్య కాలు గానీ చెయ్యి గానీ ఎవ్వరూ పెట్టకూడదు. ఇది ఎనిమిది మందికీ మొదటి రోజే గట్టిగా చెప్పండి.

గోదారి_గట్టు
మన గొలుసు మీద ఇంకొకరి గొలుసు పడితే?

లంగరు
అది రోజూ జరిగేదే, కంగారు పడొద్దు. ఇంజన్ ఆన్‌లో పెట్టి లంగరు పైకి లాగండి, దాంతోపాటు వాళ్ల గొలుసు కూడా వేలాడుతూ వస్తుంది. ఒక మోకు తీసుకుని వాళ్ల గొలుసు కింద నుంచి తిప్పి రెండు కొసలూ మీ బోటుకు కట్టండి. ఇప్పుడు వాళ్ల గొలుసు బరువు మీ మోకు మోస్తోంది. మీ లంగరు అర మీటరు కిందికి వదలండి, అది గొలుసు నుంచి ఊడి పక్కకు జారుతుంది. లంగరు పూర్తిగా పైకి తెచ్చాక మోకు ఒక కొస వదిలేయండి, వాళ్ల గొలుసు దాని చోట అది పడుతుంది. గొలుసు లాగే మోటారు ఆగిపోతే కాలిందనుకోకండి, ఎక్కువ బరువుకు బ్రేకర్ పడిపోయి ఉంటుంది. ఆ బ్రేకర్ ఎక్కడుందో శనివారమే అడిగి పెట్టుకోండి, తరచుగా వెనక కేబిన్ మంచం పక్కన ఉంటుంది.

పప్పుచారు
తిండి సంగతి ఎవరూ ఎత్తట్లేదు. రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా?

వైజాగ్_తెరచాప
రేవులో గట్టు కరెంటు తగిలించుకున్నప్పుడే పనికొస్తుంది. బయట బోటంతా 12 వోల్టుల బ్యాటరీ. 700 వాట్ల కుక్కర్‌కు 58 ఆంపియర్లు పైగా కావాలి, ఫ్రిజ్ ఆగిపోతుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి, గ్యాసు స్టవ్ ఉంటుంది. బోటు ఒరిగినా స్టవ్ నిటారుగా ఉండేలా ఊగుతుంటుంది, గిన్నె జారకుండా బిగించే కడ్డీలుంటాయి. అయినా నడుస్తున్న బోటులో కుక్కర్ పెట్టొద్దు, లంగరు వేశాకే.

వంటయ్యాక గ్యాసు సీసా దగ్గరే వాల్వు కట్టేయాలి, స్టవ్ దగ్గర తిప్పితే చాలదు. గ్యాసు గాలికన్నా బరువు. ఇంట్లో అయితే తలుపు కింద నుంచి పోతుంది, బోటులో అడుగున గుంటలో చేరి ఒక్క నిప్పురవ్వ కోసం కూర్చుంటుంది.

పప్పుచారు
నెయ్యి, ఆవకాయ?

ఆమ్‌స్టర్‌డ్యామ్_అత్తయ్య
ఇండియా నుంచి నెయ్యి, పాల పదార్థాలు, మాంసం ఈయూలోకి తేకూడదు. పచ్చి కరివేపాకూ సర్టిఫికెట్ లేకుండా వద్దు. కందిపొడి, కారప్పొడి, ఆవకాయ గట్టిగా సీలు చేసిన ప్యాకెట్లలో పర్వాలేదు, గాజు సీసాలు మాత్రం బోటులో వద్దే వద్దు. మిగతావన్నీ అక్కడే దొరుకుతాయి. శాకాహారులకు ఫావా అడగండి, మన ముద్దపప్పుకు చుట్టమే, పసుపు పప్పు మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె పోస్తారు. గిగాంటెస్ అంటే పెద్ద చిక్కుడు గింజలు టమాటాలో. ఈజినాలో పిస్తాలు కొనకుండా రాకండి.

చిట్టిపడవ
నీళ్ల లెక్క కూడా వేసుకోండి. ట్యాంకు 500 లీటర్లు ఉందనుకుంటే, మనిషికి రోజుకు 15 చొప్పున నాలుగు రోజులు. అందరూ ఇంట్లోలా స్నానం చేస్తే రెండో రోజుకే అయిపోతుంది. ఈత కొట్టొచ్చాక వెనక మెట్ల మీద షవర్ ఉంటుంది, అక్కడే అరనిమిషం. గట్టు మీద నీళ్ల గొట్టం కనబడ్డ ప్రతిచోటా నింపేయండి, ట్యాంకు సగం ఉంది కదా అని ఊరుకోవద్దు.

టాయిలెట్: కాగితం లోపల వేయకూడదు, పక్కన సంచిలో. గొట్టం వెడల్పు బొటనవేలు రెండింతలు, అంతే. మూసుకుపోతే విప్పి బాగుచేయాల్సింది మీ స్కిప్పరో మీరో. రేవులో ఉన్నప్పుడు హోల్డింగ్ ట్యాంకు (టాయిలెట్ మురుగు నిలవుండేది) వాల్వు మూసుండాలి, దూరంగా సముద్రంలోకి వెళ్లాక తెరవాలి.

గోదారి_గట్టు
మా ఆవిడకు కారులోనే కళ్లు తిరుగుతాయి. వాంతులకు ఏం చేయాలి?

గాలివాటం
మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు, బయలుదేరడానికి రెండు గంటల ముందే వేసుకోవాలి. సినారిజిన్ చాలామందికి పనిచేస్తుంది, నిద్ర వస్తుంది కాబట్టి మీ డాక్టర్‌ని అడిగి ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి. లోపలికి దిగి ఫోన్ చూడడం మానాలి. బయట కూర్చుని దిగంతం వైపు చూడాలి, చుక్కాని చేతికిస్తే ఇంకా మంచిది, చాలామందికి అక్కడే తగ్గిపోతుంది. కేబిన్ వెనకది ఇవ్వండి, ముందుది అలకు ఎక్కువ ఎగురుతుంది.

బెజవాడ_బుల్లోడు
వీసాకు హోటల్ బుకింగ్ అడుగుతారు కదా, బోటుకు ఏం చూపించాలి?

లెక్కలమాస్టారు
చార్టర్ కాంట్రాక్టు, అందులో అందరి పేర్లతో క్రూ లిస్టు. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ముందు వెనక ఏథెన్స్ రాత్రులకు మాత్రం హోటల్. 30,000 యూరోల బీమా తప్పనిసరి, పాలసీలో సెయిలింగ్‌కు మినహాయింపు ఉందేమో చదవండి. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆలస్యం చేయకండి. ఐండ్‌హోవెన్ వాళ్లకు డచ్ రెసిడెన్స్ కార్డు ఉంటే వీసా అక్కర్లేదు. లండన్ వాళ్లవి ఇండియన్ పాస్‌పోర్టులయితే కావాలి.

వైజాగ్_తెరచాప
ఈత గురించి ఒకటి. ఎవరైనా దూకే ముందు వెనక నిచ్చెన కిందికి దింపి ఉందా అని ఒకరు చూసి, నోటితో చెప్పాలి. బోటు అంచు నీటికి మీటరు పైన ఉంటుంది, నిచ్చెన పైకుంటే ఎంత ఈతగాడైనా ఎక్కలేడు. అందరూ ఒకేసారి దూకకండి, ఒకరు ఎప్పుడూ పైనే. మనుషులు నీళ్లలో ఉంటే ఇంజన్ తాళం తీసి జేబులో.

సూట్‌కేసులు వద్దు, మడిచిపెట్టుకునే గుడ్డ సంచులే. గట్టి సూట్‌కేసు పెట్టడానికి బోటులో చోటుండదు, వారమంతా మంచం మీద దానితో పడుకోవాలి.

బెజవాడ_బుల్లోడు
తేల్చేశాం. సెప్టెంబరు మూడో శనివారం, అలిమోస్, సరోనిక్, స్కిప్పర్‌తో. అదే 46 అడుగుల నాలుగు కేబిన్ల బోటు ఆ వారం ఖాళీ ఉందన్నారు.

లంగరు
ఆగండి. నాలుగు కేబిన్లు, నాలుగు జంటలు. స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడు?

బెజవాడ_బుల్లోడు
అడగలేదు.

చిట్టిపడవ
అడగకపోతే హాలులో పడుకోబెడతారు. రోజంతా బాధ్యత మోసే మనిషి మీరు కబుర్లు ఆపేదాకా మేలుకుని ఉండాలి. అదేం బాగుండదు. అయిదో కేబిన్ ఉన్నదో, లేదంటే ముక్కు దగ్గర విడిగా స్కిప్పర్ కేబిన్ ఉన్నదో చూడండి. ఆ ముక్కు కేబిన్‌కు పైనుంచి మూత ఎత్తి దిగాలి, ఇరుకే, కానీ తలుపు ఆయనది. కొన్ని బోట్లలో అది తాళ్లూ ఫెండర్లూ పడేసే గుంట, మంచం కూడా ఉండదు. అందుకని పేరు చూసి నమ్మకండి.

బెజవాడ_బుల్లోడు
50 అడుగులది ఒకటుంది, 4+1 అని రాశారు, 600 యూరోలు ఎక్కువ.

లెక్కలమాస్టారు
తలకు 75. తీసుకోండి.

లంగరు
ఆ '+1' లో మంచం, గాలి వచ్చే కిటికీ ఉన్నాయో లేదో చూడాలి. బోటు లోపలి నమూనా బొమ్మ అడిగి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. దాని తరవాతే అడ్వాన్స్.